కిందిమెట్టు మీద ఎర్ర బాణం

చిత్తూరు పక్కకు వెళ్తున్నానని తెలియగానే మా కాకినాడ వీధిలో నలుగురు తిరుపతి లడ్డూలు తెమ్మన్నారు. వెళ్తున్నది దేవుడి దగ్గరికి కాదు, మనుషుల దగ్గరికి, అదీ ప్రశ్నలు అడగడానికి అంటే ఒక్కరికీ నచ్చలేదు. ఈ వయసులో నీకెందుకమ్మా జనాభా లెక్కలు అంది ఎదురింటి పిన్నిగారు. జనాభా లెక్కలు కాదు పిన్నిగారూ అని మొదలుపెట్టి సగంలో మానేశాను. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పినదాన్ని. ఎవరు వింటున్నారో, ఎవరు విన్నట్టు తలాడిస్తున్నారో కళ్లు చూస్తే తెలిసిపోతుంది.

అసలు సంగతి ఇది. శైలజ ఒకప్పుడు నా క్లాసులో మొదటి బెంచీ. ఇప్పుడు హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. "నేనెవరు" అని అడిగితే మనిషి చెప్పే జవాబులో సగం "నేను ఎవరిలో మనిషిని" అన్నదే ఉంటుంది. ఇంటివాళ్లు, పనిచేసేచోట జట్టు, భజనవాళ్లు, బస్సులో రోజూ పక్కన కూర్చునేవాళ్లు, ఇలా "మనం" అనుకునే గుంపులు ఎన్ని ఉంటే, అవి ఎంత గట్టిగా ఉంటే, మనసు అంత నిలకడగా ఉంటుందా? ఆ గుంపు జారిపోతే ఏమవుతుంది? ఆమె చూస్తున్నది ఇదే. మదనపల్లె, పుంగనూరు వైపు ఊళ్లలో ప్రశ్నల కాగితాలు నింపాల్సిన సమయానికి ఆమెకు ఎనిమిదో నెల వచ్చింది. ప్రయాణాలు వద్దని డాక్టరు చెప్పేసింది. మేడం, నాలుగు రోజులు వెళ్లొస్తారా అని ఫోన్ చేసింది.

నేను ఈ విషయం మీద పాఠాలు చెప్పానే గానీ బయటి మనిషిని ఒక్క ప్రశ్న అడిగినదాన్ని కాను. ఈత గురించి పాఠం చెప్పినవాళ్లందరూ గోదావరి ఈదలేదు కదా. అయినా ఒప్పుకున్నాను.

కాగితాల్లో ప్రశ్నలు రెండు పేజీలు, చివర పది మెట్ల నిచ్చెన బొమ్మ. పైమెట్టు అంటే మీరు కోరుకునే మంచి బతుకు, కిందిమెట్టు అంటే ఇంతకన్నా కష్టం లేదనే బతుకు. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారో గుర్తు పెట్టండి అని అడగాలి. శైలజ మూడు నియమాలు చెప్పింది. ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. పేరు రాయకూడదు. చెప్పింది ఇంకొకరి చెవిన పడకూడదు. మొదటిది సగమే నిలబెట్టుకున్నాను. రెండోది పూర్తిగా పాటించాను. మూడోదాన్ని నా చేతకానితనం వల్ల తప్పాను. ఆ తప్పు ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

మదనపల్లె: నిచ్చెన ఎవరు పట్టుకున్నారు?

మే నెలలో కాకినాడ నుంచి వెళ్లినవాళ్లకి మదనపల్లె పొద్దున పూట ఒక వరం. ఒంటికి జిడ్డు లేదు, చెమట లేదు. బెంగళూరు బస్టాండు దగ్గర చిన్న హోటల్లో నాలుగు ఇడ్లీ ముప్పై రూపాయలు. చట్నీ చెనిక్కాయలది, అంటే మన వేరుశనగ గుళ్లది. దాని మీద ఎర్రటి కారం. నేను అడక్కుండానే హోటలాయన మూడుసార్లు చట్నీ పోశాడు. మా వైపు రెండోసారి అడిగితేనే మొహం చూస్తారు.

టమోటా మార్కెట్టులో అడుగు తీసి అడుగు వేయడానికి చోటు లేదు. ఎటు చూసినా ప్లాస్టిక్ క్రేట్లు, పండు వాసన, చెప్పుల కింద జారే ఎర్రటి బురద. నేను జారాను కూడా. పడకుండా నా మోచెయ్యి పట్టుకున్న మనిషి పేరు అంజనమ్మ, అరవై దాటి ఉంటుంది. కాయ, దోర, పండు వేరుచేసే ఆడవాళ్ల జట్టులో ఇరవై ఏళ్లుగా ఉందట. పట్టుకున్న పాపానికి నా మొదటి ప్రశ్నల కాగితం ఆమెకే పడింది.

నిచ్చెన బొమ్మ దాకా బాగానే నడిచింది. బొమ్మ అటూ ఇటూ తిప్పి చూసి ఆమె, "దీన్ని కింద ఎవురు పట్టుకోనుండారు మేడం?" అని అడిగింది.

ఎవరూ లేరు, ఇది ఊరికే బొమ్మ అన్నాను.

"మనిషి పట్టుకోకుండా నిచ్చెన ఎట్ల ఎక్కేది? జారిపడమా?"

ముప్పై ఏళ్ల నా పాఠాల్లో ఈ ప్రశ్న ఏ పిల్లా అడగలేదు. నేను నోరు తెరిచేలోగా ఆమె జట్టులో మిగతా నలుగురూ వచ్చేశారు. నీది ఏ మెట్టు, నాది ఏ మెట్టు అని వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని, అందరిదీ అయిదో మెట్టని తేల్చారు. అలా కాదమ్మా, ఎవరిది వాళ్లే చెప్పాలి, మీరు కాస్త పక్కకు వెళ్లండి అన్నాను. వాళ్లు వెళ్లారు. అంజనమ్మ మొహం మాత్రం పరీక్షహాల్లో ఒంటరిగా కూర్చోబెట్టిన పిల్ల మొహంలా చిన్నబోయింది. వెళ్లేటప్పుడు నా కొంగు నిండా దోర టమోటాలు పోసింది. డబ్బులివ్వబోతే కోపం తెచ్చుకుంది.

పుంగనూరు: నడుమెత్తు ఆవు, పన్నెండు సీట్ల వ్యాను

పుంగనూరు వెళ్లి ఆవును చూడకుండా రావడం కాకినాడ వచ్చి కాజా తినకుండా పోవడం లాంటిది. ఒక ఎరువుల కొట్టు ముందు కట్టేసి ఉంది, నా నడుము ఎత్తు కూడా లేదు. ఖరీదు అడిగితే ఆసామి లక్షల్లో చెప్పాడు. ఇంట్లోనే, మంచం పక్కనే పడుకుంటుందట. మా ఎదురింటి కుక్క దీనికన్నా ఎత్తండీ అన్నాను. ఆయన నవ్వలేదు. ఆవు వీపు నిమిరి, నువ్వేమీ అనుకోవద్దమ్మా అని దానికి సర్దిచెప్పాడు. నాకు సిగ్గేసింది. నేనూ దాని గంగడోలు నిమిరి క్షమాపణ చెప్పుకున్నాను.

సాయంత్రం ఆరింటికి ఊరి బయట ఒక బట్టల కంపెనీ గేటు దగ్గర రెడ్డెమ్మ కోసం నిలబడ్డాను. చౌడేపల్లె దగ్గరి పల్లె ఆమెది. ఆ రెండు రాత్రులూ నా బస వాళ్లింట్లోనే అని శైలజ ముందే ఏర్పాటు చేసింది. గేటు తెరిచేసరికి వందలమంది ఆడవాళ్లు నీలం కోట్లతో బయటికి వచ్చారు. ఒకప్పుడు వీళ్లూ, వీళ్ల అమ్మలూ కూలికి వెళ్లినవాళ్లే. ఇప్పుడు చొక్కాలు కుడతారు, నెల జీతం, పీఎఫ్ ఉన్నాయి. నలభై ఏళ్ల రెడ్డెమ్మ ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. నా సంచీ లాక్కుని చంకన పెట్టుకుని, "రాండి మేడం, వ్యాను కదిలిపోతాది" అంది.

వ్యానులో సీట్లు పన్నెండు, ఎక్కింది పదహారుమంది. నాకు కిటికీ పక్కన సీటు ఖాళీ చేసి ఇద్దరు కింద కూర్చున్నారు. ఎంత చెప్పినా వినలేదు. ఆ పదహారుమందే ఊళ్లో కోలాటం జట్టు కూడా. నాలుగేళ్ల కిందట ఒక మాస్టరు వచ్చి నేర్పించాడట. ఒకే రంగు చీరలు కొనుక్కున్నారు. ఏ ఊరి జాతరకు పిలిచినా వెళ్లి ఆడి వస్తారు. ఎల్లుండి ఆదివారం కుప్పంలో ఆట ఉందని, నన్నూ రమ్మన్నారు.

దారిలో నేను నిచ్చెన తీశాను. మూడోసీటు ఆమె అయిదో మెట్టు చూపించింది. అంతే, వరసగా అందరి వేళ్లూ అయిదో మెట్టు మీదే. ఒకరికన్నా ఒకరు పైన ఉంటే బాగుండదట, కింద ఉంటే మిగతావాళ్లు బాధపడతారట. నేను నవ్వి కాగితాలు లోపల పెట్టుకున్నాను. విడివిడిగా రేపు ఇంట్లో అడగొచ్చు కదా. అప్పుడు వెనకనుంచి ఒకామె, పైమెట్టు మీద ఉండేది మా మునిరత్నమ్మ మేడం అంది. అందరూ అవునన్నారు. వాళ్ల ఊరి మనిషే, వాళ్ల కుట్టుమిషన్ల లైనులోనే ఆరేళ్లు కుట్టిందట. ఏడాది కిందట సూపర్‌వైజరు అయింది. స్కూటీ కొనుక్కుంది. ఆ మాటలు చెప్పేటప్పుడు వాళ్ల గొంతుల్లో అసూయ లేదు. ఇంట్లో పిల్ల ఫస్టు క్లాసులో పాసైతే చెప్పుకున్నట్టు చెప్పారు.

చౌడేపల్లె దగ్గర పల్లె: రెండు కుర్చీలు

శనివారం సాయంత్రం బడి ఆవరణలో కోలాటం సాధన. నాకోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. పక్కన ఇంకో కుర్చీ వేశారు. కాసేపటికి స్కూటీ దిగి మునిరత్నమ్మ వచ్చి అందులో కూర్చుంది. ముప్పై రెండేళ్ల మనిషి. మాట మెత్తన.

కోలాటం ఇంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు. ఇద్దరిద్దరు జతలు. లోపలి వలయం ఒకవైపు, బయటి వలయం ఇంకోవైపు తిరుగుతాయి. మధ్యలో ఎవరి కర్ర ఎవరిని తాకినా, పాట ముగిసేసరికి ఎవరి జత దగ్గరికి వాళ్లు వచ్చి ఆగాలి. పక్క కుర్చీలో మునిరత్నమ్మ కుడిచెయ్యి ఒళ్లోనే తాళం వేస్తోంది. మీరు ఆడరా అని అడిగాను. ముందు ఆడేదట. రెడ్డెమ్మ, తనూ ఒక జత. సూపర్‌వైజరు అయ్యాక, మేడం మీరెందుకు, కూర్చోండి అని వీళ్లే అన్నారట. రెడ్డెమ్మకు ఇప్పుడు తోడికోడలు శాంతి జత.

సాధన అయ్యాక నేల మీద తువ్వాలు పరిచి బొరుగులు, ఉడకబెట్టిన చెనిక్కాయలు, ఉల్లిపాయ ముక్కలు కుమ్మరించి కలిపారు. బొరుగులను మన వైపు మరమరాలంటాం. పదహారుమంది చుట్టూ కూర్చుని ఒకరి మీద ఒకరు పడుతూ తింటున్నారు. మా ఇద్దరికీ మాత్రం స్టీలు ప్లేట్లలో విడిగా, ముందుగా తెచ్చిచ్చారు. టీ కూడా మాకు గాజు గ్లాసుల్లో, వాళ్లకి కాగితం కప్పుల్లో. పెద్దమనిషికి కుర్చీ వేయడం మా వైపూ మర్యాదే. నేను సంతోషంగానే తిన్నాను. పక్క ప్లేటులో బొరుగులు అలాగే ఉండిపోయాయి.

మునిరత్నమ్మను విడిగా అడగడానికి వాళ్లింటికి వెళ్లాను. భర్త లారీ నడుపుతాడు, నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. కూతురు హాస్టల్లో ఉంటుంది. ఇల్లు అద్దంలా ఉంది. ప్రశ్నలన్నిటికీ తడుముకోకుండా జవాబులు చెప్పి, నిచ్చెన దగ్గర ఆగింది. నా పెన్ను తీసుకోలేదు. చేతిసంచీలోంచి ఒక స్టిక్కర్ల పట్టీ తీసి, చిన్న ఎర్ర బాణం ఒలిచి, కిందిమెట్టు మీద అంటించింది. కంపెనీలో చొక్కాకు ఎక్కడ కుట్టు తప్పితే అక్కడ అంటించే బాణం అది. వాళ్ల లైనులో అవి ఉండేది ఆమె ఒక్కతె దగ్గరే. అలవాటైపోయింది మేడం అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

తర్వాత ఆమె చెప్పింది నాకు మాటకు మాట గుర్తుంది.

"సూపర్‌వైజరయిన రోజు దండేసినారు, శాలువా కప్పినారు. తెల్లారినప్పటి నుంచి మేడం. వ్యానులో ఎక్కితే లేసి నిలబడతారు. నేనుంటే నవ్వేది ఆపేస్తారు. వాళ్లని తప్పుపట్టేదానికి లేదు మేడం, గౌరవమిస్తాండారు. ఏమని సెప్పేది? గౌరవం వద్దని సెప్పేదా?"

హోసూరు దగ్గర కంపెనీకి ఇంకో యూనిట్ ఉందట. అక్కడికి వెళ్తావా అని అడిగారట. సోమవారం సంతకం పెట్టాలి. పెడతానంది. ఊళ్లో ఉండి పరాయిదానిలా ఉండేకన్నా, తెలియని ఊళ్లో పరాయిదానిలా ఉండటం మేలట. ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుంది. చెప్పనని మాటిచ్చాను.

రెడ్డెమ్మ ఇంటికి వచ్చి రాగిసంగటి, చింతకాయ ఊరుబిండి ముందు కూర్చున్నాను. ఊరుబిండి అంటే మన రోటిపచ్చడి లాంటిదే, ఇంకాస్త ఘాటు. రెడ్డెమ్మ మునిరత్నమ్మ గురించే మాట్లాడుతోంది. ఎంత కష్టపడి పైకొచ్చిందో, ఇప్పుడు తమలాంటివాళ్లు పూసుకుని తిరిగితే ఆమెకెంత చిన్నతనమో అని. నాకు ముద్ద దిగలేదు. కారం ఎక్కువైందా అని నెయ్యి తెచ్చి పోసింది.

కుప్పం: తడిసిన కాగితాలు

ఆదివారం పొద్దున్నే అదే వ్యానులో బయల్దేరాం. డ్రైవరు పక్క సీటు మునిరత్నమ్మకు, నాకు. వెనక పదహారుమంది పాటలు. పలమనేరు దాటాక ఆకాశం ఉన్నట్టుండి నల్లబడి వేసవి వాన దంచి కొట్టింది. వ్యాను పైన కట్టిన సంచుల్లో నాది ఒకటి. వానొస్తుందేమో, కాగితాలు ఒళ్లో పెట్టుకుందామన్న ఆలోచన నాకు రావాల్సింది. రాలేదు.

కుప్పంలో పూలమ్మే ఆమె ముందున్న మనిషితో అరవంలో, ఆ తర్వాతి మనిషితో కన్నడంలో, నాతో తెలుగులో బేరం చేసింది. మూడు భాషల్లోనూ మూర ముప్పై రూపాయలే, పైసా తగ్గలేదు. రెడ్డెమ్మ అక్కగారి ఇల్లు జాతర జరిగే వీధికి దగ్గర. అక్కడ దిగి సంచీ విప్పితే కాగితాలన్నీ అతుక్కుపోయి ఉన్నాయి. గాభరాగా లోపలిగది సిమెంటు నేల మీద ఒక్కొక్కటే పరిచి, ఫ్యాను వేసి, తలుపు దగ్గరగా వేసి చెప్పులారబెట్టుకోవడానికి బయటికి వెళ్లాను. చెప్పుల కోసం!

తిరిగొచ్చేసరికి గదిలో రెడ్డెమ్మ నిలబడి ఉంది. భోజనాలకు అరిటాకులు తీసుకోవడానికి వచ్చిందట. నేల మీద అన్ని నిచ్చెనల మీదా నీలం పెన్ను చుక్కలు, ఒక్కదాని మీద ఎర్ర బాణం. కాగితం మీద పేరు లేదు. బాణం ఎవరిదో ఆమెకు పేరు అక్కర్లేదు.

"కిందిమెట్టంటే ఏంది మేడం? సెడ్డదే గదా?" అంది.

 అబద్ధం చెప్పలేను, నిజం చెప్పకూడదు. నా మౌనమే చెప్పేసింది. రెడ్డెమ్మ వంగి ఆ బాణాన్ని వేలితో తడిమింది. తర్వాత మెల్లగా, కంపెనీలో బాణం పెట్టిన చొక్కా వెనక్కి వస్తే ఎవరి తప్పని ఎవరూ మాట్లాడుకోరు మేడం, కుట్టిన మనిషి గమ్మున కుట్టు ఇప్పి మళ్లీ కుడుతుంది అని చెప్పి, ఆకులు తీసుకుని వెళ్లిపోయింది.

ఆమె ఏం చేయబోతోందో నాకు అర్థమైంది. అది ఎలా బెడిసికొడుతుందో మాత్రం ఊహించలేదు.

మునిరత్నమ్మ గుడికి వెళ్లి వచ్చేసరికి వసారాలో భోజనానికి కూర్చున్నారు. ఎప్పుడూ ఆమెకు వేసే కుర్చీ లేదు. ముందుగా వడ్డించిన పళ్లెం లేదు. రెండు వరసల్లో పదహారుమంది, మధ్యలో ఒక ఆకు ఖాళీ. రండి మేడం అనడానికి ఎవరికీ నోరు రావడం లేదు. రెడ్డెమ్మ ఒక్కొక్కరి చెవిలో బాణం సంగతి చెప్పడంతో అందరికీ సిగ్గు ముంచుకొచ్చింది. తలలు వంచుకుని సంగటి ముద్ద వైపే చూస్తున్నారు. ఏడాదిగా లేచి నిలబడినవాళ్లు ఇవాళ కదల్లేదు. మునిరత్నమ్మ గుమ్మంలో నిలబడి ఆ వంచిన తలలు చూసింది. హోసూరు సంగతి వీళ్లకు తెలిసిపోయింది, నన్ను వదిలేశారు అనుకుందట, తర్వాత చెప్పింది. కొయ్యకు తగిలించిన చేతిసంచీ తీసుకుని, చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయింది.

బస్టాండుకు వెళ్లే దారిలో

రెడ్డెమ్మ ఎంగిలి చేత్తోనే పరిగెత్తింది. ఆమె వెనక నేను. నా వెనక మిగతా అందరూ. జాతర జనం మమ్మల్ని చూసి దొంగ ఎవరైనా దొరికాడేమో అని పక్కకు తప్పుకున్నారు. బొరుగుల అంగడి దగ్గర మునిరత్నమ్మ దొరికింది.

"యాడికి పోతాండావు మునీ?"

ఏడాదిలో రెడ్డెమ్మ నోట ఆ పిలుపు అదే మొదటిసారి. ఎవరూ అది పట్టించుకునే స్థితిలో లేరు.

"ఊరికి. రేపు హోసూరు కాగితం మీద సంతకం పెడతా. ఇంక మీకు నా అడ్డముండదు."

రెడ్డెమ్మకు హోసూరు సంగతి తెలియదు.  ముందు నేనే కలగజేసుకుని, తప్పు నాది, కాగితం తడిస్తే ఆరబెట్టాను, రెడ్డెమ్మ చూసింది, నీకిచ్చిన మాట తప్పాను అని చెప్పాను. మునిరత్నమ్మ నా వైపు చూడనేలేదు.

"మాతో ఒక మాట సెప్పకుండా పోతావా?" అంది రెడ్డెమ్మ.

"సెప్తే ఏమంటారక్కా? మంచిది మేడం, ఇంకా పెద్ద పోస్టొస్తాది అంటారు. ఇంకో శాలువా కప్పుతారు. పోవద్దని ఒక్కురన్నా అంటారా?"

ఆమె చెప్పింది నిజం. సరిగ్గా అలాగే అని ఉండేవాళ్లు. ఆమె మేలు కోరే అని ఉండేవాళ్లు. రెడ్డెమ్మ అంత ఎత్తు మనిషి ఆ అంగడి ముందు మట్టిలో చతికిలబడింది.

"నేనంటాండా. పోవద్దు. పోవద్దు మునీ. నువ్వు కుర్చీలో కూసున్న కాడినుంచి నాకు ఆటే రాలేదు. పైకి పోయినావు గదా, మనం కిందికి లాగకూడదని నోరు మూసుకోనుండా."

వెనకనుంచి శాంతి పోవద్దంది. మూడోసీటు ఆమె అంది. ఒక్కొక్కరే, వరసగా, పదహారుమందీ అన్నారు. వ్యానులో అయిదో మెట్టు చూపించినట్టు ఒకరిని చూసి ఒకరు కాదు. ప్రతి మనిషీ ముందుకొచ్చి, తన మాటగా అంది. నేను పక్కకు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు, ఏడ్చాను.

మునిరత్నమ్మ కూడా మట్టిలో కూర్చుంది. రేపు మీ చొక్కాలు నేను వెనక్కి పంపాలి, మీరు నా మీద చెయ్యేసి తిరిగితే నా మాట ఎవరు వింటారు అని అడిగింది. ఏడుపు మధ్యలో కూడా ఆమె అసలు కష్టం ఆమెకు గుర్తుంది. అది చిన్న కష్టం కాదు. జీతం, పేరు, లైనులో అరవైమంది పని, అన్నీ దాని మీదే ఉన్నాయి. రెడ్డెమ్మ మోచేత్తో ముక్కు తుడుచుకుంది.

"కంపెనీలో నువ్వు మేడమే. మేమట్లే పిలస్తాము, నువ్వు అరిస్తే పడతాము. గేటు దాటినాక నువ్వు మునివి. మేము అరిస్తే నువ్వు పడల్ల."

మునిరత్నమ్మ రెడ్డెమ్మ ఎంగిలి చెయ్యి పట్టుకుని లేచింది. చల్లారిపోయిన సంగటి దగ్గరికి అందరం తిరిగొచ్చాం.

సాయంత్రం ఆట దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. మునిరత్నమ్మతో కలిపితే పదిహేడుమంది. శాంతికి జత లేదు. జత లేకపోతే వలయం తిరగదు. పదిహేడుమందీ నా వైపు తిరిగారు. నాకు అరవై ఒకటి, ఎడమ మోకాలు నొప్పి, చీర రంగు వేరు అని మూడు కారణాలు చెప్పాను. ఒక్కటీ చెల్లలేదు. శాంతి నా చేతిలో కర్రలు పెట్టింది. మొదటి పాటలో నేను కొట్టిన దెబ్బలు సగం గాలికి, పావు వంతు శాంతి వేళ్లకు తగిలాయి. మునిరత్నమ్మ కూడా ఏడాదిగా ఆడక రెండుసార్లు తప్పు వైపు తిరిగి రెడ్డెమ్మను ఢీకొట్టింది. చూసేవాళ్లు ఈలలేశారు. ఎవరైనా నన్ను ఆ క్షణాన ఏ గుంపు మనిషివని అడిగి ఉంటే తడుముకోకుండా చెప్పేదాన్ని.

తిరిగొచ్చాక

శైలజకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.  ఆ కాగితం పరిశోధనలో పనికిరాదు మేడం, జరిగిందంతా రాసి మా పరిశోధన పర్యవేక్షించేవాళ్లకు ఇవ్వాలి అంది. ఆమె నా దగ్గర చదువుకున్న పిల్ల, సరిగ్గానే మాట్లాడింది. నా తప్పు మంచికే అయిందని నేను చెప్పుకోను. ఇంకోచోట, ఇంకో మనిషికి అదే తప్పు ఎంత కీడు చేసేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

సోమవారం రాత్రి భోజనాల వేళకు రెడ్డెమ్మ ఫోన్ చేసింది. పొద్దున మునిరత్నమ్మ ఆఫీసు గదిలోకి వెళ్లి హోసూరు వద్దని చెప్పేసిందట. తర్వాత లైనులోకి వచ్చి, అందరి ముందూ రెడ్డెమ్మ కుట్టిన కాలర్లు ఏడు వెనక్కి పంపించిందట. "ఏడు కాలర్లు మేడం, నోరెత్తకుండా పడినాను" అని రెడ్డెమ్మ మొత్తుకుంది. మరి సాయంత్రం ఏమైందని అడిగాను. గేటు దాటగానే, ఆ రోజు స్కూటీ తేకుండా వ్యాను ఎక్కబోతున్న మునిరత్నమ్మను కొంగు పట్టి ఆపి, ఊరొచ్చేదాకా తిడుతూనే ఉందట. మరి మునిరత్నమ్మ ఏమంది అన్నాను.

"ఏమంటాది? నా భుజాన తల పెట్టుకోని నిద్రపోయింది. చౌడేపల్లె దాటినా లేపలేదు నేను."